కర్టెన్ సందులోంచి తీసిన వీడియో

“కాలు తీయండి బ్రదర్. మీరు తొక్కింది ఆయన దుప్పటి.”

ఆమె నాతో అన్న మొదటి మాట అది. కంగారుగా కాలు తీశాను. తీసిన కాలు వెనక్కి వేశాను. వెనక వేడినీళ్ల బకెట్ ఉంది. బూటుతో సహా అందులో దిగింది.

మంచం మీదున్న పెద్దాయన మూతి ఒక పక్కకి కదిలింది. అది నవ్వని నాకు తర్వాత తెలిసింది. పక్షవాతం వచ్చాక ఆయనకి నవ్వు సగమే వస్తుంది. ఆయన భార్య మాత్రం ఆపుకోలేక పూర్తిగానే నవ్వేసింది.

కాలు తీయమన్న ఆమె నవ్వలేదు. చేతిలో కత్తెర అలాగే పట్టుకుని, “అవి ఇప్పుడే కాచిన నీళ్లు. స్టవ్ అటుంది. మళ్లీ కాచి తీసుకురండి. ఈసారి కాలు పెట్టకుండా” అంది.

నేను పెళ్లి వీడియోలు తీస్తాను. ఆ ఇంటికి ఎందుకెళ్లానో చెప్పాలంటే మా మందిరం సంగతి చెప్పాలి. మాది చిన్న సంఘం. ఓ ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగిపోయి, “ఈ గుమ్మం దాటి నాలుగు వీధులు తిరిగితే మంచం దిగలేనివాళ్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్ల తలుపు కొట్టకుండా మనం ఇక్కడ ఎంత గొంతు చించుకుని పాడినా పైకి వినబడుతుందా అని నాకు అనుమానం” అన్నారు.

ఆ శనివారమే పని మొదలైంది. ప్లంబర్ అన్న కారే కుళాయిలు బాగుచేశాడు. మా అమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు పక్కబట్టలు ఉతికారు. ఇందాక కత్తెర పట్టుకున్న ఆమె బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది, ఇంటింటికీ వెళ్లి జుట్టు కత్తిరించి, గడ్డం గీసి, గోళ్లు తీసేది. నాకా, ఏ పనీ చేతకాదు. అందుకని నాకు నేనే ఒక పని కల్పించుకుని, దానికి ‘మీడియా మినిస్ట్రీ’, అంటే కెమెరాతో చేసే దైవసేవ, అని పేరు కూడా పెట్టుకున్నాను.

నీళ్లు కాచి తెచ్చాక కెమెరా తీశాను. ఆమె చూసింది.

“బ్రదర్, ముఖాలు తీయకండి.”

“మరేం తీయను? కాళ్లా?”

“కాళ్లు మీరు బకెట్లో పెట్టుకోండి. నా చేతులు తీయండి. కత్తెర తీయండి. నేల మీద పడ్డ వెంట్రుకలు తీయండి. ఆయన ముఖం మాత్రం వద్దు.”

“అలాగే సిస్టర్” అన్నాను.

అలాగే అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఆ పెద్దాయన ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన డ్రైవరు. ఆయన గడ్డానికి నురుగు రాస్తూ ఆమె చెప్పే కబుర్లు వినడానికే నేను ప్రతి శనివారం మొదటగా ఆ ఇంటికి చేరేవాణ్ణి. నాలుగో శనివారానికి ఆమె సంచి మోసే ప్రమోషన్ వచ్చింది. ఆ రోజు తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. మూసిన షాపు షట్టరు కింద ఇద్దరం నిలబడ్డాం.

“ఈ పని మీరు ఎందుకు మొదలుపెట్టారు?” అనడిగాను.

“ఇంటర్వ్యూనా? కెమెరా ఆన్‌లో ఉందా?”

“లేదండీ. తడుస్తుందని చొక్కా లోపల పెట్టుకున్నా.”

“మీరు తడిసినా పర్లేదు, అది తడవకూడదు. బాగుంది.” వాన వైపు తిరిగింది. తర్వాత చెప్పింది. “మా నాన్న ఆర్నెల్లు మంచంలో ఉన్నాడు. రోజూ ఎవరో ఒకరు వచ్చి ప్రార్థన చేసి వెళ్లేవాళ్లు. మంచివాళ్లే. నాన్న కళ్లు మూసుకుని ఆమెన్ అనేవాడు. వాళ్లు గుమ్మం దాటగానే ‘అమ్మాయీ, తల దురదే’ అనేవాడు. సెలూన్ వాళ్లని అడిగితే ఇళ్లకి రామన్నారు. చివరికి నేనే కత్తెర పట్టా. మొదటిరోజే చెవి కోశా.”

“అయ్యో! ఏమన్నారు?”

“‘ఇంకో చెవి ఉందిగా, కానివ్వు’ అన్నాడు.”

నవ్వాను. ఆమె కూడా నవ్వింది, కానీ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సరిగ్గా అక్కడే నేను పడిపోయాను. లేవలేనంతగా పడిపోయాను.

“ఒక్క మాట. మీరు నన్ను బ్రదర్ అనడం మానేయొచ్చుగా?”

“మరేమనాలి? మందిరంలో మగవాళ్లందరూ బ్రదర్సే.”

“అందుకే మన మందిరంలో పెళ్లిళ్లు అవడం లేదు.”

ఆమె పెదాలు బిగబట్టింది. ముఖం అటు తిప్పుకుని, “వాన తగ్గింది, నడవండి” అంది.

వాన తగ్గలేదు. కానీ బ్రదర్ అనలేదు. నేను తడుస్తూ, గాల్లో తేలుతూ నడిచాను.

ఇక్కడిదాకా చెప్పడం తేలిక. ఇకముందు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

ఐదో శనివారం డ్రైవరుగారు బాగా నీరసంగా ఉన్నారు. నేను బయట వరండాలో ఉన్నాను. గుమ్మానికి కర్టెన్ ఉంది. దాని సందులోంచి చూస్తే, కిటికీ వెలుగు సరిగ్గా మంచం మీద పడుతోంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. సగం గడ్డానికి నురుగు. నోటి చివర నుంచి కారుతున్న చొంగని ఆమె తువ్వాలుతో తుడుస్తోంది. ఎంత నెమ్మదిగా తుడుస్తోందంటే, ఆయన మూసిన కంటి కిందనుంచి ఒక చుక్క జారింది.

ఇన్నేళ్లలో నేను ఎన్ని పెళ్లిళ్లు తీశానో, అలాంటి షాట్ ఒక్కటీ పడలేదు. చెయ్యి దానంతటదే కెమెరా ఎత్తిందని చెప్పుకుంటే బాగుంటుంది. అది అబద్ధం. ఎత్తింది నేనే. ఫోకస్ కూడా సరిచేసుకున్నాను.

గురువారం సాయంత్రం దానికి వయొలిన్ కలిపి, ‘ఎవరూ లేని వారికి మేమున్నాం’ అని కింద రాసి, మందిరం పేజీలో పెట్టాను. తెల్లారేసరికి నలభై వేలమంది చూశారు. ఎవరెవరో ఏడుపు బొమ్మలు పెట్టారు. పాస్టరుగారు కూడా తనకి తెలిసినవాళ్లందరికీ పంపారు. ఆమెకి ఇలాంటివి చూసే అలవాటు లేదు. శనివారం వెళ్లి చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆమె నన్ను మెచ్చుకుంటుందనే అనుకున్నాను. ఇంతకంటే బుద్ధితక్కువ తలంపు ఇంకోటి ఉండదు.

శనివారం తలుపు తీసింది ఒక కొత్త మనిషి. డ్రైవరుగారి కూతురు. వేరే ఊరినుంచి పొద్దున్నే బస్సు దిగినట్టుంది, భుజాన సంచి ఇంకా తీయలేదు. చేతిలో ఫోన్. ఫోన్‌లో నా వయొలిన్ మోగుతోంది.

“ఎవరూ లేనివాడా మా నాన్న?” అంది.

ఫోన్ మా ఇద్దరి ముందూ ఊపింది.

“మా అత్తగారింట్లో అందరూ కూర్చుని చూశారు. ‘మీ నాన్నకి ఎవరూ లేరంటగా’ అని నన్నడిగారు. నెలకి రెండుసార్లు వచ్చి పోతున్నాను కదా, నేనెవరిని? పగలూ రాత్రీ పక్కనే ఉండి ఎత్తి దించుతున్న మా అమ్మ ఎవరు? డిపోలో నాన్నతో పనిచేసినవాళ్లంతా ఫోన్లు చేసి జాలిపడుతున్నారు. ఆయన ఎవరి ఫోనూ ఎత్తనివ్వడం లేదు.”

తర్వాత ఆమె వైపు తిరిగింది. “ఇందులో ఉన్నది నువ్వే కదా? నీ మంచితనం నలుగురికీ తెలియాలంటే మా నాన్న చొంగ చూపించాలా?”

ఆమె ఫోన్ తెర చూసింది. ముఖం పాలిపోయింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది.

ఒక్క వాక్యం చాలు. ‘తీసింది నేను, ఆమె వద్దంది.’ నాలుగే మాటలు. నేను కెమెరా సంచి జిప్పు వైపు చూస్తూ నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగలా.

ఆమె ఎంతసేపు చూసిందో తెలియదు. చివరికి కూతురి వైపు తిరిగి, “తప్పు మాదేనండి. క్షమించండి” అంది.

మాదే అంది. నన్ను కూడా అందులో కలుపుకుంది. ఆ మాటకి నా తల కొట్టేసినట్టయింది.

లోపల మంచం మీద డ్రైవరుగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఉన్నారు.

వీధిలోకి వచ్చాక ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “ముందు అది తీసేయండి” అంది. అక్కడే నిలబడి తీసేశాను. అప్పటికే ఎంతమంది ఎక్కడెక్కడ పెట్టుకున్నారో లెక్కలేదు. తుడవగలిగింది మందిరం పేజీలో ఉన్నది ఒక్కటే.

“అదికాదు, నేను…”

“ఏం మాట్లాడకండి బ్రదర్. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడలేదుగా.”

సంచి నా భుజం మీదనుంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలో పదకొండు ఇళ్లలో ఏడు ఇళ్లు తలుపు మూసేశాయి. “వద్దమ్మా, మీరు వీడియోలు తీస్తారట” అన్నారు. మిగిలిన నాలుగు ఇళ్లకీ ఆమె ఒక్కతే తిరిగింది. నేను పెళ్లి బుకింగులున్నాయని చెప్పి ఇంట్లో కూర్చున్నాను. బుకింగులేవీ లేవు.

ఎనిమిదో రోజున అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ, “అందరూ ఆ పిల్లనే తప్పుపడుతున్నారు. నువ్వేమీ అనలేదా?” అంది.

“ఏమనాలి?”

“అదే నేనూ అడుగుతున్నా.”

“తీసింది నేనేనమ్మా. ఆమె ముందే వద్దంది.”

అమ్మ చేతిలో తువ్వాలు ఆగిపోయింది. “మరి అక్కడ ఎందుకు చెప్పలేదు?”

“భయమేసింది.”

“దేనికి?”

“ఆమె ముందు చెడ్డవాణ్ణయిపోతానని.”

అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “ఇప్పుడేమయ్యావు?” అని మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన మందిరంలో కుర్చీలు సర్దుతున్నారు. మొత్తం విని, ఒక కుర్చీ లాక్కుని కూలబడ్డారు.

“నాతో ఎందుకు చెప్తున్నావు?”

“క్షమించమని ప్రార్థన చేస్తారని…”

“చేస్తాను. ఇద్దరి కోసం చేస్తాను. ఆ వీడియో నేను మూడువందలమందికి పంపాను. పంపేటప్పుడు ఆయన్ని అడగాలని నాకూ తోచలేదు. మన మందిరానికి పేరొస్తుందనే చూశాను.” ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “క్షమించడం దేవుడి పని బాబూ. డ్రైవరుగారి గుమ్మం ఎక్కడం మన పని. నువ్వు ముందు వెళ్లు. నీ వెనకే నేనూ వెళ్లాలి. ఇద్దరం కలిసి వెళ్తే నా వెనక దాక్కుంటావు.”

వెళ్లాను. ఆ నాలుగు వీధులు అంత పొడవని నాకు ఎప్పుడూ తెలియలేదు.

కూతురే తలుపు తీసింది. మధ్యాహ్నం బస్సుకి బయల్దేరడానికి సర్దుకుంటోంది. నన్ను చూసి గడప మీదే నిలబడింది. నేను లోపలున్న ఆయనకి కూడా వినబడేలా చెప్పాను.

“ఆ వీడియో తీసింది నేను. ఆ అమ్మాయి మొదటిరోజే ముఖం తీయొద్దంది. సరేనని మాటిచ్చి, కర్టెన్ చాటునుంచి దొంగతనంగా తీశాను. ఆ రాతలు కూడా నావే. ఆవేళ మీరు ఆమెని తిడుతుంటే ఇక్కడే నిలబడి నోరు విప్పలేదు.”

“చెప్పేశావుగా. నీ గుండె తేలికపడిందిగా. ఇక వెళ్లు” అంది కూతురు.

“ఆగు.” లోపలినుంచి వచ్చిన ఆ మాట ముద్దముద్దగా ఉంది. డ్రైవరుగారు మాట్లాడటం నేను అంతకుముందు సరిగ్గా వినలేదు. వినాలన్న ధ్యాస లేదు, చూడటమే నా పని అనుకున్నాను.

మంచం దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్కో మాటా కూడదీసుకున్నారు.

“ముప్ఫై ఒక్క ఏళ్లు… నా వెనక జనం నిద్రపోయారు. నన్ను నమ్మి. ఒక్కడికీ… దెబ్బ తగలనీలేదు.” ఊపిరి తీసుకున్నారు. “నేను కళ్లు మూసుకుంటే… నువ్వు తీశావు.”

క్షమించమని అడగడానికి వచ్చినవాణ్ణి, అడగలేకపోయాను. ఆ మాట అడిగే ముఖం లేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

అప్పుడు ఆయన భార్య వంటగది గుమ్మంలోంచి, “బాబూ, వచ్చావు ఎలాగూ. ఆయన పక్క తడిసింది. నా నడుము పట్టేసింది, అమ్మాయి ఒక్కతే తిప్పలేకపోతోంది. ఓ చెయ్యి వేస్తావా?” అంది. 

వేశాను. ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. భుజం కింద చెయ్యి పెడితే తల వేలాడింది, తల పట్టుకుంటే నడుము జారింది. చివరికి ఆయనే డ్రైవింగ్ నేర్పినట్టు నేర్పారు.

“ఎడమకి… ఇంకొంచెం. రివర్స్. ఒరేయ్ రివర్సంటే వెనక్కి! చాలు… చాలు. గోడకి గుద్దుతావా ఏంటి!”

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆ గదిలో నవ్వే హక్కు నాకింకా రాలేదనిపించింది. తడిసిన దుప్పటి పట్టుకెళ్లి పెరట్లో ఉతికాను. వాసనకి ముఖం పక్కకి తిప్పుకుని రుద్దాను. ఇంతకాలం అవి ఉతికింది మా అమ్మ అని, ఇంటికొచ్చి మాకు ఒక్కమాటా చెప్పేది కాదని అప్పుడు గుర్తొచ్చింది.

కూతురు సంచి భుజానికి తగిలించుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది. “రేపొస్తావా? ఇవాళ్టితో సరా?”

“వస్తానండీ.”

“చూస్తా.”

ఆదివారం మందిరంలో, ఎవరి అనుభవాలు వాళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. తలుపు దగ్గర చెప్పిన మాటలే మళ్లీ చెప్పాను. మామూలుగా ఎవరు ఏం చెప్పినా వెనకబెంచీలోంచి ఒక ఆమెన్ వస్తుంది. ఆ రోజు రాలేదు. ఫ్యాన్ చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత పాస్టరుగారు లేచి, తన తప్పు తాను చెప్పుకున్నారు. 

బయట చెప్పులు వేసుకుంటుంటే ఆమె పక్కకి వచ్చింది.

“చెప్పినందుకు థ్యాంక్స్. కానీ నా కోపం పోలేదు.”

“పోవాలని చెప్పలేదండీ. మీ మీద పడ్డ నింద పోవాలని చెప్పాను.”

ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ప్రతిరోజూ ఏడింటికల్లా డ్రైవరుగారింటికి వెళ్లేవాణ్ణి. తిప్పి పడుకోబెట్టడం, ఒళ్లు తుడవడం, కుర్చీలో కూర్చోబెట్టడం. ఆయన రోజూ తిట్టేవారు. మెల్లగా అండీలు పోయి ఆయన నాకు బాబాయ్, ఆయన భార్య పిన్ని అయ్యారు. నేను మాత్రం మొదటినుంచీ ఒరేయ్‌నే. కానీ ఒక్క పని దగ్గర ఆయన మొండికేశారు. గడ్డం గీయనివ్వరు. ఆ అమ్మాయి వస్తానని కబురు పంపినా వద్దన్నారు. నెల తిరిగేసరికి గడ్డం గుబురుగా పెరిగిపోయింది. రాత్రంతా దురదతో గోక్కుంటున్నారని పిన్ని చెప్పింది.

“బాబాయ్, ఆమె తప్పేం లేదు. నా మీద కోపం ఆమె మీద చూపిస్తే ఎలా?”

“కోపం కాదురా.” ఆయన కిటికీ వైపు చూశారు. “ఆ పిల్ల ముఖం చూడాలంటే… నాకే సిగ్గు.”

సిగ్గుపడాల్సింది నేను. మోస్తున్నది ఆయన.

“మరి నేను గీయనా?”

ఆయన నా చేతుల వైపు చూశారు. “నేర్చుకుని రా. నా చర్మం… టైరు కాదు.”

అలా నేను పార్లర్ మెట్లెక్కాల్సి వచ్చింది. మధ్యాహ్నం, కస్టమర్లు లేని వేళ. విషయం చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి ఒక బెలూన్ తెచ్చింది. ఊది, ముడివేసి, దానికి నురుగు పూసి, చేతికి రేజర్ ఇచ్చింది.

“గీయండి.”

“బెలూనా?”

“మరి నా తలా? పగలకుండా నురుగంతా తీస్తే పాస్.”

మొదటిది మూడో గీతకే పేలింది. నురుగంతా నా ముఖం మీద. రెండోది రేజర్ తగలగానే. మూడోది పేలినప్పుడు ఆమె పక్కకి తిరిగి భుజాలు అదరగొడుతూ నవ్వింది. నవ్వి, ఒక్కసారిగా ఆగిపోయింది.

“నాకు ఏది ఎక్కువ నొప్పి పెట్టిందో తెలుసా?” అంది, రేజర్ కడుగుతూ. “వీడియో కాదు. ఆ రోజు మీ వైపు చూశాను కదా. ఒక్కమాట వస్తుందనే చూశాను. వస్తుందని నాకు గట్టి నమ్మకం. అంత నమ్మకం ఎందుకు పెట్టుకున్నానా అని ఇంటికెళ్లి ఏడ్చాను.”

నా ముఖం మీద నురుగు ఇంకా ఉంది. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

“పిరికివాణ్ణండీ. ఇంకే కారణమూ లేదు.”

“తెలుసు.” ఇంకో బెలూన్ అందుకుంది. “చెయ్యి బిగించకండి. పట్టీ పట్టనట్టు పట్టుకోవాలి. మళ్లీ చూపిస్తా, చూడండి.”

తొమ్మిదోది పగల్లేదు. 

శనివారం డ్రైవర్ బాబాయ్‌కి గడ్డం గీశాను. ముందు కత్తెరతో కురచ చేసి, వేడినీళ్ల తువ్వాలు వేసి, నురుగు రాసి, గంటన్నర పట్టింది. ఆయన ఆ గంటన్నరా కళ్లు మూయలేదు. నా కళ్లలోకే చూస్తూ ఉన్నారు. ఎక్కడో ఒకచోట మూస్తారని ఆశపడ్డాను. మూయలేదు. నాకు దక్కాల్సింది అదేనని, వంచిన తల ఎత్తకుండా నా పని నేను చేశాను.

అయిపోయాక బుగ్గ తడుముకుని, “చెయ్యి బరువురా నీది” అన్నారు. కాసేపయ్యాక అటు తిరిగి, “వచ్చే వారం… ఆ పిల్లని రమ్మను” అన్నారు.

ఆమె వచ్చింది. గుమ్మంలో ఆమెని చూడగానే ఆయన సగం నవ్వు నవ్వారు, మిగతా సగం కళ్లలోంచి కారింది. నేను వరండాలోకి వెళ్లిపోయాను. కర్టెన్‌కి వీపు పెట్టి నిలబడ్డాను.

ఒక్కో ఇల్లే మళ్లీ తలుపు తెరిచింది. ఏడింటిలో ఐదు. మిగతా రెండూ ఈరోజుకీ తెరవలేదు. ఒకాయన కిటికీలోంచి నన్ను చూసి రెక్క వేసేస్తారు. ఆ రెండు ఇళ్ల ముందునుంచి వెళ్లేటప్పుడు నా నడక వేగం దానంతటదే పెరుగుతుంది.

ఓ రోజు బాబాయ్ పెరట్లో ఇద్దరం దుప్పటి పిండుతున్నాం. ఆమె ఒక కొస, నేను ఒక కొస. ఆమె అటు మెలితిప్పుతోంది, నేను ఇటు. నీళ్లు కారి ఇద్దరి కాళ్లూ తడిసిపోయాయి.

“మీరంటే నాకు ఇష్టం” అన్నాను. “ప్రేమ అనే అంటారనుకుంటా దాన్ని. ఆ వాన రోజునుంచి. మధ్యలో చెప్పే అర్హత పోయింది. ఇప్పుడు వచ్చిందని కాదు. చెప్పకుండా దాచుకుంటే అది కూడా ఒక అబద్ధంలా ఉంది.”

ఆమె దుప్పటి ఇంకో మెలిక తిప్పింది. “చెప్పడానికి ఇంకో చోటు దొరకలేదా?”

“మంచిచోటు వెతికితే మళ్లీ షాట్ కోసం వెతికినట్టుంటుందని…”

నవ్వు ఆపుకోలేక కొస వదిలేసింది. పిండిన దుప్పటి బురదలో పడింది. మళ్లీ ఉతకాలి. ఇద్దరం కూర్చుని మళ్లీ ఉతికాం. సబ్బు రుద్దుతూ, తల ఎత్తకుండా అంది, “మా అమ్మని అడగాలి. ఆవిడ ముందు అడిగేది ఆ వీడియో సంగతే. ఏం చెప్తారు?”

“జరిగింది చెప్తా.”

“సిగ్గుగా ఉండదూ?”

“ఉంటుంది. ఎప్పటికీ ఉంటుందనుకుంటా.”

“ఉండనివ్వండి. అది ఉన్న మనిషితో నాకు భయం లేదు.”

లోపలినుంచి ముద్దగా ఒక కేక. “ఒరేయ్… ఏమంది?”

“దుప్పటి మళ్లీ ఉతకమంది బాబాయ్!” అని అరిచాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. మా అమ్మ కూడా వస్తానంది. వద్దన్నాను, అమ్మ వెనక కూడా దాక్కోగలనని నాకు తెలుసు. వాళ్లమ్మ నన్ను కుర్చీలో కూర్చోమని, ఎదురుగా కూర్చుంది. కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది.

“మొత్తం చెప్పు. మా అమ్మాయి చెప్పింది నాకు తెలుసు. నీ నోట వినాలి.”

మొదటినుంచి చెప్పాను. ఏదీ తగ్గించలేదు. ఫోకస్ సరిచేసుకున్నానని కూడా చెప్పాను, అది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆ మాట దగ్గర ఆగిపోయింది.

వాళ్లమ్మ అడిగింది, “రేపు నా కూతుర్ని ఎవరో నిందిస్తుంటే మళ్లీ అలాగే నోరు మూసుకుంటావా?”

“మూసుకోనని ఒట్టేయలేనండీ. భయపడే స్వభావం ఒక్కరోజులో పోదు. కానీ ఈసారి తెరవడానికి తొమ్మిది రోజులు పట్టదు.”

చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. లేచి వెళ్లిపొమ్మంటే తప్పులేదనుకున్నాను.

ఆవిడ వంటగది వైపు తిరిగి, “అమ్మాయీ, ఇంకో కంచం పెట్టు” అంది.

లోపలినుంచి జవాబు వచ్చింది.

“ఇందాకే పెట్టానమ్మా.”